శస్త్రహత చతుర్దశి

భాద్రపద బహుళ పక్షానికి మహాలయ పక్షమని పేరు. ఆ పక్షంలోని కొన్ని తిథులను ధర్మశాస్త్రం ప్రత్యేకించి కొందరికి కేటాయించింది. నవమి సువాసినులుగా గతించిన తల్లులకు. ద్వాదశి సన్న్యసించిన వారికి. చతుర్దశి మాత్రం సహజంగా కన్నుమూయని వారికి. శస్త్రం, అగ్ని, జలం, విషం, పిడుగు, క్రూరమృగం, ఎత్తునుండి పతనం, ఇటువంటి కారణాలతో ప్రాణం పోగొట్టుకున్న వారందరికీ ఆ ఒక్క దినమే ఆశ్రయం. కారణాలు ఇన్ని ఉన్నా ఆ తిథికి పేరు మాత్రం శస్త్రాన్ని బట్టే వచ్చింది. శస్త్రహత చతుర్దశి అంటారు. ఇంట్లో వృద్ధాప్యంతో చతుర్దశినాడే దేహం చాలించిన వారికి కూడా ఆనాడు మహాలయం పెట్టరు. మరొక తిథికి జరుపుతారు. ఆయుధం చేత మరణించిన వారి పంక్తిలో ఇతరులు కూర్చోరాదని శాస్త్రాభిప్రాయం కాబోలు.

మరునాడు అమావాస్య కనుక రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో చతుర్దశినాడు జనసమ్మర్దం ఉండదు. అయినా ప్రతి సంవత్సరం ఆ తిథికి తప్పక వచ్చే కర్త ఒకరున్నారు. తాడేపల్లిగూడెం ప్రాంతపు గ్రామస్థుడు. భారత సైన్యంలో మద్రాసు రెజిమెంటులో హవల్దారుగా పనిచేసి పదవీ విరమణ చేసి చాలాకాలమైంది. తెల్లవారకముందే రైలెక్కి, గోదావరి వంతెన దాటి, రేవుకు వచ్చి, స్నానం చేసి, తడిబట్ట పిండి ఆరవేసుకొని నిశ్శబ్దంగా కూర్చుంటారు. ఆయనకు తర్పణం చేయించే పురోహితులు ఎనభై దాటిన వృద్ధులు. వారితో వేదపాఠశాలలో చదువు ముగించిన ఒక శిష్యుడు ఉంటాడు.

హవల్దారుగారి కుడిచేతికి మూడు వేళ్లు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయాయి. దర్భ పవిత్రం ధరించవలసినది అనామికకు. ఆ అనామికకు ఒక కణుపే మిగిలింది. సామాన్యంగా చుట్టిన పవిత్రం జారిపోతుంది. అందుకని వృద్ధ పురోహితులు ఆయన కోసం చిన్న వలయంగా పవిత్రం ముడివేసి, మరొక దర్భతో మణికట్టుకు చుట్టి బిగిస్తారు. బొటనవేలు, చూపుడువేలు చెక్కుచెదరలేదు. పితృతీర్థం ఆ రెండింటి మధ్యదే కనుక తర్పణానికి లోపం రాదని మొదటి సంవత్సరమే వారు చెప్పారట.

సంకల్పం వద్ద ప్రతిసారీ ఒక చిన్న విశేషం జరుగుతుంది. విజ్ఞులకు తెలిసినదే, సంకల్పంలో కర్త ముందు తానున్న కాలాన్ని, తరువాత తానున్న దేశాన్ని చెప్పుకోవాలి. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణ దిక్కు, శ్రీశైలానికి ఏ మూల, ఏ రెండు నదుల నడుమ, ఆపైన ఏ గృహంలో. హవల్దారుగారు స్వగ్రామంలో సంకల్పం చెప్పుకుంటే కృష్ణా గోదావరుల మధ్యదేశం. వంతెన దాటి ఈ రేవుకు వస్తే గంగా గోదావరుల మధ్యదేశం. ఒక వంతెన దాటినంతలో దేశం మారుతుంది. 'దేశం' అనే పదానికి మన సంప్రదాయంలో మొదటి అర్థం ఇదే, కాలు మోపి నిలిచిన చోటు. పటం మీద రంగు పూసిన విస్తీర్ణం అనే అర్థం తరువాత వచ్చి చేరింది. ఈ రెండు అర్థాల మధ్య దూరం ఎంత అనేది ఇంట్లో కూర్చున్నవానికి అంతగా పట్టదు. సైనికునికి పడుతుంది.

ఆయన తిలోదకం ఇవ్వవలసినవారు ఇద్దరు. మొదటివారు పితామహుడు.

ఆ తాతగారు మొదటి ప్రపంచ సంగ్రామకాలంలో మెసొపొటేమియాకు, అంటే నేటి ఇరాక్ దేశానికి, వెళ్లిన సిపాయి. తిరిగి రాలేదు. గోదావరి జిల్లాలనుండి అలా వెళ్లినవారు తక్కువ కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరు ఊరకే రాలేదు. ఆ సంగ్రామానికి ఒక్క తమ ఊరినుండే తొంభైమంది వెళ్లారని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. టైగ్రిస్ నదీతీరంలోని కుట్ పట్టణంలో బ్రిటిష్ సేన 1915 డిసెంబరు నుండి 1916 ఏప్రిల్ 29 వరకు ముట్టడిలో చిక్కుకొని, చివరకు తిండిలేక లొంగిపోయింది. ఆ సేనలో అధికసంఖ్యాకులు భారతీయులు. ఆహారం నిండుకొని గుర్రాలను కోసి పెట్టినప్పుడు చాలామంది హిందూ, ముస్లిం సిపాయిలు ముట్టలేదు. ఆపద్ధర్మంగా తినవచ్చునని స్వదేశంలోని మతపెద్దల అనుమతి తెప్పించి చెప్పినా కొందరు చాలాకాలం అంగీకరించలేదు. ఆకలి, వ్యాధి, ఎండ శత్రువుకంటె ఎక్కువమందిని కబళించాయి.

హవల్దారుగారి తాత ఏ చోట, ఏ తిథిన పోయారో ఇంటికి తెలియలేదు. ఒక కాగితం, కొంత పింఛను, అంతే. మరణతిథి తెలియనివారికి శాస్త్రం వేరే తిథులు చెప్పింది. కాని ఇది యుద్ధమరణం కనుక చతుర్దశియే యుక్తమని ఆనాటి పురోహితులు నిర్ణయించారు. తండ్రి ఉన్నంతకాలం తండ్రి, ఆ తరువాత కుమారుడు ఆ నిర్ణయాన్ని పాటిస్తున్నారు.

ఆ తాతగారు పోరాడినది ఏ దేశం కోసం? 1916లో ఆయనకు తనదని చెప్పుకోదగిన రాజ్యం లేదు. ఏడు సముద్రాల అవతల ఉన్న ఒక చక్రవర్తి ఉన్నాడు, ఆయన ముద్ర ఉన్న వెండి రూపాయి ఉంది, ఆయన పేరిట చేసిన ప్రమాణం ఉంది. శత్రువుగా ఎదురైన తురుష్క సైనికునితో ఆయనకు వైరం లేదు. ఇది స్వధర్మమా, కేవలం భృతిధర్మమా అని ప్రశ్నించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 'కూలికి పోయి చచ్చారు' అని తీసిపారేసే మాట ఒకటి వినవస్తుంది. అది తేలిక మాట. నారాయణాస్త్రం వంటి దివ్యాస్త్రాలున్న భారతయుద్ధంలో కూడా రెండువైపులా నిలిచిన అక్షౌహిణులలో ఎంతమందికి హస్తినాపుర సింహాసనంతో సంబంధం ఉన్నది? కర్ణుని మాటేమిటి? అతడు దేశం కోసం పోరాడలేదు. ఆదరించి అన్నం పెట్టినవాని కోసం పోరాడాడు. తనవారు ఎవరో తెలిసిన తరువాత కూడా పక్షం మార్చలేదు. ఆ పక్షం అధర్మపక్షమని వ్యాసుడు దాచలేదు. అతని నిష్ఠను తక్కువ చేయనూ లేదు. తాతగారి తరంవారు చెప్పిన మాట కూడా అదే, 'ఉప్పు తిన్నాం'. వారిని వాడుకున్న ప్రభుత్వపు దోషం ప్రభుత్వానిదే. దానిని వారి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. వారి నిష్ఠను చూపి ఆ ప్రభుత్వాన్ని నిర్దోషి అనడమూ న్యాయం కాదు.

ఆ దోషం రాతిమీద కూడా కనబడుతుంది. మెసొపొటేమియాలో మరణించి సమాధి అంటూ తెలియనివారి స్మరణార్థం బస్రాలో పెద్ద స్మారకం కట్టారు. దానిమీద నలభై వేలకు పైబడిన మృతుల లెక్క ఉన్నది. అందులో బ్రిటిష్ సైనికులకు పేర్లు చెక్కారు. భారతీయులలో అధికారులకు చెక్కారు. సామాన్య భారతీయ సిపాయిలకు మాత్రం వారి రెజిమెంటు పేరు కింద ఇంతమంది అని సంఖ్య వేసి వదిలివేశారు. నూరేళ్లు గడచిన తరువాత, 2021లో, ఆ స్మారకాలను నిర్వహించే సంస్థ స్వయంగా విచారణ జరిపి ఈ అసమానతను అంగీకరించి క్షమాపణ చెప్పింది. హవల్దారుగారికి ఈ సంగతి పట్టణంలో ఉన్న మనుమరాలు చదివి చెప్పిందట. ఆయన ఏమీ అనలేదు. ఆ సంవత్సరం తర్పణంలో తాత పేరు చెప్పవలసిన చోట పురోహితులు పలికించినదానికంటె గట్టిగా పలికారు. చుట్టుపక్కలవారు తిరిగి చూశారు.

రెండవ వ్యక్తి సంగతి దగ్గరే చిక్కు వచ్చింది.

హవల్దారుగారు సైన్యంలో ఉన్నకాలంలో ఒక పర్యాయం సియాచిన్ హిమానీనదం మీద విధి నిర్వహించారు. కారాకోరం పర్వతాలలో డెబ్బై కిలోమీటర్లకు పైగా విస్తరించిన మంచునది అది. 1984 ఏప్రిల్ 13న భారతసేన ఆ ఎత్తులను అధిరోహించింది. ఆ చర్యకు పెట్టిన పేరు 'మేఘదూత్'. కాళిదాసు కావ్యంలో ఇంటికి దూరమైన యక్షునికి మేఘం సందేశం మోస్తుంది. అక్కడ సందేశం మోయవలసినది చీతా హెలికాప్టరు. మేఘం కమ్మితే అది ఎగరదు, ఉత్తరమూ రాదు, కిరసనాయిలూ రాదు. పేరు పెట్టినవారు ఈ వైపరీత్యం ఆలోచించారో లేదో గాని, దూరంగా ఉన్నవాని ఇంటిబెంగ అనే అంశంలో మాత్రం ఆ పేరు సార్థకమే.

బాల్టీ భాషలో సియాచిన్ అంటే గులాబీలు సమృద్ధిగా ఉన్నచోటు. మంచుమీద మాత్రం గడ్డిపరక మొలవదు. పంట లేదు, పల్లె లేదు, గుడి లేదు, పశువు లేదు. పద్దెనిమిది వేలు, ఇరవై వేల అడుగుల ఎత్తు; చలికాలంలో సున్నకు యాభై డిగ్రీల దిగువ. నారింజపండు రాయిలా గడ్డకట్టి సుత్తి దెబ్బకు గాని పగలదు. మూసిన గుడారంలో రాత్రింబవళ్లు కిరసనాయిలు పొయ్యి మండించుకోవాలి. ఆ మసి ఊపిరిలోకి పోయి, కిందికి దిగివచ్చిన తరువాత కూడా చాలాకాలం ఉమ్మి నల్లగా పడుతుంది. శత్రువు గుండుకంటె ఎత్తు, చలి, హిమపాతాలు తీసిన ప్రాణాలే ఎక్కువ. 2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చిన తరువాత కూడా మరణాలు ఆగలేదు. 2012 ఏప్రిల్‌లో గయారీ వద్ద విరిగిపడిన హిమం కింద పాకిస్తాన్ పక్షంవారు నూటనలభైమంది కూరుకుపోయారు. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ స్థావరం మీద హిమం విరుచుకుపడి మద్రాసు రెజిమెంటు 19వ బెటాలియనువారు పదిమంది చిక్కుకున్నారు. ఆరు రోజుల తరువాత మంచు తవ్వి తీస్తే లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో దొరికాడు. ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆ పదిమందిలో తమిళులు, కన్నడిగులు, ఒక మలయాళీ, ఒక మహారాష్ట్రుడు ఉన్నారు. కర్నూలు జిల్లాకు చెందిన ఒక ముస్లిం యువకుడు కూడా ఉన్నాడు.

దేశానికి ఉండవలసినవని మనం అనుకునే లక్షణాలు ఒక్కటీ లేని చోట దేశం కోసం నిలబడడమంటే ఏమిటి? ఆ మంచు కోసం ఇంతమంది పోవాలా అని సేనానాయకులుగా పనిచేసినవారు కూడా ప్రశ్నించారు. విడిచి రాకూడదని వాదించినవారూ ఉన్నారు. ఆ వివాదం రాజనీతిజ్ఞులది. ఒక్క సంగతి మాత్రం అర్చనచేసే ప్రతివానికీ దగ్గరిది. సియాచిన్ కరిగి నుబ్రా నది అవుతుంది, నుబ్రా శ్యోక్‌లో, శ్యోక్ సింధువులో కలుస్తాయి. ప్రతి ఆలయంలో, ప్రతి ఇంట్లో కలశపూజ వేళ సప్తనదులను ఆవాహన చేస్తారు. అందులో గోదావరితోపాటు సింధువు కూడా ఉన్నది. ఉభయగోదావరి జిల్లాల రాగిచెంబులోకి ప్రతి ఉదయం పిలిచే నీరు ఆ హవల్దారు కాపలాకాసిన మంచే. ఆయనకు ఈ మాట చెబితే, "ఆ సంగతి అప్పుడే తెలిసుంటే బాగుండునండి, పొయ్యిమీద కరిగించుకు తాగేటప్పుడు కాస్త దణ్ణం పెట్టుకునేవాణ్ణి" అన్నారు.

ఆనాడు జరిగినది ఆయన ఒకే ఒకసారి చెప్పారు. హిమానీనదం మీద నడిచేవారు ఒకరి నడుముకు ఒకరు తాడు కట్టుకొని వరుసగా నడుస్తారు. మంచులో లోతైన నెర్రెలు ఉంటాయి. పైన పలుచని మంచుపొర కప్పి కంటికి కనబడనీయదు. అడుగు వేస్తే కూలుతుంది. ఆనాటి వరుసలో హవల్దారుగారికి ముందున్నవాడు మలయాళీ, క్రైస్తవుడు. ఇద్దరూ వెల్లింగ్టన్ శిక్షణకేంద్రంలో ఒకే సంవత్సరం చేరినవారు. కాలికింద మంచు కూలింది. తాడు బిగిసింది. వెనుకనున్నవారు మంచులో గొడ్డళ్లు దిగవేసి ఆపారు. పైకి లాగడానికి గంటలు పట్టింది. ముడి సరిచేయడానికి హవల్దారుగారు చేతి తొడుగు తీశారు; తిరిగి తొడుక్కోవడానికి వేళ్లు మాట వినలేదు. పైకి తెచ్చేసరికి అతని ప్రాణం లేదు.

ఇది విన్న శిష్యుడు ఉద్వేగంతో అడిగాడు. "ఆ సమయంలో భారతమాత కళ్లముందు కదలాడిందా అండీ?"

హవల్దారుగారు కొంచెం సిగ్గుపడినట్లు నవ్వారు. "లేదు బాబూ. అబద్ధం ఎందుకు? ముడి గుర్తుందంతే. ముడి వదలకూడదు అనుకున్నాను. దేశం సంగతి కిందికి దిగాక, ఆసుపత్రిలో, ఆఫీసరుగారు వచ్చి చెబితే గుర్తొచ్చింది."

శిష్యుడు నిరుత్సాహపడ్డాడు. వేదికల మీద ఆగస్టు మాసంలో వినిపించే ఉపన్యాసాలతో ఈ సమాధానం పొసగదు. శాలువా కప్పి, పూలదండ వేసి, మైకు చేతికిస్తే సైనికుడు చెప్పవలసిన మాట వేరే ఉంటుందని జనం అనుకుంటారు. అందరమూ అలా అనుకుంటాం. నిజానికి పూర్వసంస్కారంతో చూస్తే హవల్దారుగారి మాటే సంకల్పక్రమానికి దగ్గర. సంకల్పం భరతవర్షం నుండి మొదలై, కొండ, నది దాటి, చివరకు నిలిచిన చోటికి దిగివస్తుంది. సైనికుడు నిలిచిన చోటినుండే మొదలుపెడతాడు. మొదట తాడుకు అవతల ఉన్న మనిషి. తరువాత తన పలటను, తన బెటాలియను. ఆ తరువాత ఇల్లు, ఊరు. భరతవర్షం అన్నిటికంటె చివర వస్తుంది. మొదటి మెట్టు వదిలినవానికి చివరి మెట్టు అందదు. మద్రాసు రెజిమెంటు ఆదర్శవాక్యంగా స్వీకరించినది గీత మూడవ అధ్యాయంలోని స్వధర్మ వాక్యం. ఆ వాక్యంలో దేశం అనే మాట లేదు. నీ పని అని మాత్రమే ఉన్నది.

ఆ పలటనులో అందరూ ఒకే పంక్తిన తింటారు. పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని తెలుగువారు ఎనిమిది శతాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యకు మొదలయ్యే వీరారాధనలో దానిని మళ్లీ తలచుకుంటారు. అక్కడ పూజలందుకునే వీరులు కూడా విదేశీయులతో పోరాడినవారు కారు, దాయాదులతో పోరాడినవారే. అయినా జనం వారిని దేవుళ్లుగా నిలుపుకున్నారు. సియాచిన్ స్థావరంలోనూ అటువంటి ఒక గుడి ఉన్నది. ఓ.పి. బాబా అని పిలుస్తారు. ఒంటరిగా ఒక శిఖరాన్ని కాపాడాడని చెప్పుకునే ఒక సిపాయి స్మృతి అది. మంచుమీదికి వెళ్లే ప్రతి దళం ఆ గుడి ముందు వరుసగా నిలిచి, పై అధికారికి ఇచ్చినట్లే బాబాకు నివేదిక ఇచ్చి బయలుదేరుతుంది. తిరిగి వచ్చాక మళ్లీ నివేదిక ఇస్తుంది. ఆగమంలో ఈ ప్రతిష్ఠకు విధానం వెదికితే దొరకదు. వీరగల్లులకు మాత్రం ఏ ఆగమంలో దొరికింది?

ఇక ఆ చిక్కు. పితామహునికి తిలోదకం పూర్తయిన తరువాత హవల్దారుగారు తమ మిత్రునికి కూడా నీళ్లు వదలాలని ఉన్నదని చెప్పారు. తర్పణ విధిలో మాతాపితృ వంశాలే కాక కారుణ్య పితరులు కూడా ఉన్నారు. గురువు, మిత్రుడు అందులో చేరతారు. కనుక అభ్యంతరం లేదు. శిష్యుడు అలవాటు చొప్పున అడిగాడు.

"గోత్రం?"

"వాళ్లకు గోత్రం ఉండదండి."

"తెలియనప్పుడు కాశ్యప గోత్రం చెప్పవచ్చు" అన్నాడు శిష్యుడు గురువువైపు చూస్తూ.

వృద్ధ పురోహితులు తల అడ్డంగా ఊపారు. "కాశ్యపగోత్రం తెలియనివారికి నాయనా, లేనివారికి కాదు. ఆయనకు వారి మతం ప్రకారం జరగవలసినవి జరిగే ఉంటాయి. వెళ్లిపోయినవాడు కాదనలేడు కదా అని మన గోత్రం అంటగట్టడం మర్యాద కాదు." కొంతసేపాగి హవల్దారుగారితో అన్నారు. "తర్పణం చివర బ్రహ్మాదిగా గడ్డిపరక వరకు సమస్త ప్రాణులకూ నీళ్లు వదులుతాం. అందులో అందరూ ఉన్నారు. అప్పుడు మీ స్నేహితుణ్ణి మనసులో తలచుకోండి. పేరు పలకనవసరం లేదు."

హవల్దారుగారు మారుమాట్లాడకుండా చేయి చాచారు. నువ్వులు పడ్డాయి. నీళ్లు పోయడానికి శిష్యుడు చెంబు వంచుతుండగా చేయి వెనక్కు తీసుకున్నారు.

"పేరు పలకకుండానా పంతులుగారూ? మా తాతకు రాతిమీద అంకె వేశారు. వీడికీ అదేనా?"

పురోహితులు చాలాసేపు మాట్లాడలేదు. రేవులో పడవవాళ్లు లంగరు తాడు లాగుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. వారి మౌనానికి కారణం తరువాత శిష్యునికి చెప్పారు. స్త్రీపర్వంలో జలప్రదాన ఘట్టం ఆ క్షణంలో వారికి తోచింది. యుద్ధం ముగిసింది. ధర్మరాజు ఆజ్ఞ మేరకు విదురాదులు మృతులందరికీ అగ్నిసంస్కారం చేశారు. నానాదేశాలనుండి వచ్చి, అడిగే దిక్కులేక పడి ఉన్నవారిని కూడా పోగుచేసి, కట్టెలు పేర్చి దహించారు. ఆ పిదప గంగాతీరంలో తిలోదకాలు ఇస్తుండగా కుంతి ముందుకువచ్చి, కర్ణునికి కూడా ఇవ్వండి, అతడు మీ అగ్రజుడు అన్నది. అప్పటివరకు పాండవుల దృష్టిలో కర్ణునికి తమ గోత్రం లేదు. ఒక తల్లి మాటతో వచ్చింది. బతికి ఉన్నప్పుడు చెప్పని పేరు నీళ్లు వదిలేవేళ చెప్పింది కనుకనే ధర్మరాజు అంత దుఃఖపడ్డాడు.

"సరే" అన్నారు చివరకు. "సమస్త ప్రాణులకు వదిలే మంత్రం నేను చెబుతాను. అది ముగిశాక, నీళ్లు జారకముందు, మీరు ఆయన పేరు మీకు అలవాటైన తీరులో చెప్పండి. గోత్రం నేను పలికించను."

"ఇది గ్రంథంలో ఉన్నదా అండీ?" అని శిష్యుడు మెల్లగా అడిగాడు.

"లేదు. కాదనే మాట కూడా లేదు. ఎవరైనా తప్పంటే నా పేరు చెప్పు."

మంత్రం ముగిసింది. హవల్దారుగారు మోకాళ్లలోతు నీటిలో నిటారుగా నిలిచారు. అప్పటివరకు గోదావరి జిల్లా రైతులా వంగి కూర్చున్న మనిషి ఒక్కసారిగా వేరొకరైనట్లు కనబడ్డారు. ఉదయం హాజరు పిలుపుకు సమాధానం చెప్పే స్వరంతో ముందు మిత్రుని సైనిక సంఖ్య, తరువాత హోదా, తరువాత పేరు, చివర బెటాలియను చెప్పారు. అంకెలు ఒక్కటీ తడబడలేదు. అన్ని సంవత్సరాల తరువాత ఆ సంఖ్య నాలుకమీద ఎలా నిలిచి ఉన్నదో! బొటనవేలికి, చూపుడువేలికి నడుమనుండి నీళ్లు జారాయి. నువ్వులు నీటిమీద కొంతదూరం తేలి రేవు మెట్ల పక్కకు కొట్టుకుపోయాయి.

అథర్వవేదంలోని భూమిసూక్తంలో ఋషి ఈ పృథ్విని వేరువేరు భాషలు మాట్లాడే, వేరువేరు ధర్మాలు పాటించే జనులను ఒకే ఇంటివారిని మోసినట్లు మోస్తున్నదని స్తుతించాడు. ఆ మంత్రాన్ని సభలలో ఉదాహరించేవారు చాలామంది ఉన్నారు. యుద్ధంలో అభిముఖంగా మరణించినవాడు యోగితో సమానంగా సూర్యమండలాన్ని భేదించుకొని పోతాడని పరాశర స్మృతిలో ఉన్న వాక్యమూ అంతే ప్రసిద్ధం. చలిలో నెర్రెలో పడిపోయినవానికి అభిముఖుడైన శత్రువు ఎవరు, అతనికి ఆ గతి లభిస్తుందా అని తర్కించేవారు తర్కించవచ్చు. హవల్దారుగారు ఆ ప్రశ్న వేయలేదు. తమ మిత్రుడు ఎక్కడికి వెళ్లాడో అడగలేదు. పేరు పలకవచ్చునా అని మాత్రమే అడిగారు.

పవిత్రం విప్పి నీటిలో వదిలి, ఆరిన బట్ట కట్టుకొని, సంచిలోనుండి దక్షిణ తీసి పురోహితులకు నమస్కరించి ఇచ్చారు. రెండు తిలోదకాలకు రెండు దక్షిణలు వేరుగా కట్టి తెచ్చారు. పురోహితులు ఒకటే తీసుకున్నారు.

"వచ్చే ఏడు చతుర్దశి ఏ తేదీన పడుతుందండి?"

"ఉగాదికి గాని కొత్త పంచాంగం రాదు నాయనా. వచ్చాక వీడు ఫోను చేస్తాడు."

శిష్యుడు తన పుస్తకంలో ఫోను నంబరు రాసుకున్నాడు. రాసుకొని, కాస్త తటపటాయించి, "ఆ రెండో పేరు కూడా చెప్పండి, నంబరుతో సహా" అని అడిగాడు. హవల్దారుగారు సంచి కిందపెట్టి ఒక్కొక్క అంకె విడదీసి చెప్పారు.